రోలాండ్ హిల్

సర్ రోలాండ్ హిల్ (డిసెంబరు 3, 1795 - ఆగష్టు 27, 1879) ఇంగ్లాండు దేశానికి చెందిన ఉపాధ్యాయుడు, ఆవిష్కర్త, సంఘ సంస్కర్త. ఆధునిక తపాలా వ్యవస్థకు పితామహునిగా ప్రసిద్ధి చెందాడు. దూరంతో నిమిత్తం లేకుండా దేశమంతటా ఒకే రుసుము ఉండాలని, ఆ రుసుమును ఉత్తరం పంపేవారే ముందుగా చెల్లించాలని ఈయన ప్రతిపాదించాడు. ఈ ప్రతిపాదన ఫలితంగా 1840లో బ్రిటనులో పెన్నీ తపాలా అమలులోకి వచ్చింది. ప్రపంచంలో మొట్టమొదటి జిగురు తపాలా బిళ్ళ అయిన పెన్నీ బ్లాక్ కూడా ఆ సంవత్సరమే వెలువడింది.

తపాలా బిళ్ళలు సేకరించేవారికి హిల్ పేరు సుపరిచితము. అయితే ఆయన దృష్టిలో తపాలా బిళ్ళ ఒక చిన్న సాధనం మాత్రమే. బీదవారు కూడా దూరాన ఉన్న తమవారికి ఉత్తరం వ్రాసుకోగలగడమే ఆయన ఆశయం. ఆ ఆశయం కొరకు ఆయన తపాలా అధికారులతోను, ప్రభుత్వంతోను దీర్ఘకాలం పోరాడవలసి వచ్చింది. పథకం విజయవంతంగా నడుస్తున్న రోజులలోనే ఒకసారి ఉద్యోగం కూడా కోల్పోయాడు.

బాల్యం, కుటుంబం

రోలాండ్ హిల్ ఇంగ్లాండులోని వూస్టర్‌షైర్ ప్రాంతానికి చెందిన కిడ్డర్‌మిన్‌స్టర్ పట్టణంలో జన్మించాడు. తండ్రి థామస్ రైట్ హిల్, తల్లి సారా. తండ్రి ఉదారభావాలు కలవాడు. ప్రఖ్యాత రసాయన శాస్త్రవేత్త, మతబోధకుడు అయిన జోసెఫ్ ప్రీస్ట్లీకి స్నేహితుడు. గణితము, ఖగోళశాస్త్రము అంటే ఆయనకు మిక్కిలి ఆసక్తి. వ్యాపారంలో కలిసిరాక, తరువాత బర్మింగ్‌హామ్ నగరంలో ఒక పాఠశాల స్థాపించి నడిపాడు.

హిల్ కుటుంబం ధనవంతుల కుటుంబం కాదు. ఆ కాలంలో ఉత్తరం అందుకున్నవారే రుసుము చెల్లించవలసి ఉండేది. ఇంట్లో డబ్బు లేని సమయంలో తపాలా జవాను ఉత్తరం తెస్తాడేమోనని తల్లి భయపడుతుండేదని హిల్ పెద్దవాడైన తరువాత గుర్తు చేసుకున్నాడు. ఒకసారి తపాలా రుసుము చెల్లించడానికి కావలసిన మూడు షిల్లింగుల కోసం, పాతగుడ్డల సంచిని అమ్మి రమ్మని ఆమె బాలుడైన రోలాండ్‌ను పంపింది. తరువాతి కాలంలో ఆయన చేపట్టిన సంస్కరణకు ఈ చిన్ననాటి అనుభవం నేపథ్యంగా నిలిచింది.

రోలాండ్ సోదరులు కూడా ప్రజాజీవితంలో పేరు పొందారు. అన్న మాథ్యూ డావెన్‌పోర్ట్ హిల్ న్యాయవాదిగా, పార్లమెంటు సభ్యునిగా పనిచేశాడు. మరొక సోదరుడు ఎడ్విన్ హిల్ యంత్రనిర్మాణంలో దిట్ట. తమ్ముడు ఫ్రెడరిక్ కారాగారాల పర్యవేక్షకుడుగా పనిచేశాడు. సోదరులందరూ ఒకరి పనిలో ఒకరు పాలుపంచుకొనేవారు. తపాలా సంస్కరణ ఉద్యమంలో కూడా ఈ కుటుంబ సహకారం కనిపిస్తుంది.

1827లో హిల్ కారొలిన్ పియర్సన్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు, ముగ్గురు కుమార్తెలు కలిగారు.

ఉపాధ్యాయ వృత్తి

హిల్ తన 12వ యేటనే తండ్రి పాఠశాలలో ఒకవైపు చదువుకుంటూ మరొకవైపు బోధన ప్రారంభించాడు. 1819లో ఆ పాఠశాలను బర్మింగ్‌హామ్ సమీపంలోని ఎడ్జ్‌బాస్టన్‌కు తరలించి, హేజెల్‌వుడ్ పాఠశాల అని పేరు పెట్టారు. భవన నిర్మాణానికి నమూనా రూపొందించినది కూడా హిల్ గారే. అందులో విజ్ఞానశాస్త్ర ప్రయోగశాల, ఈతకొలను, గదులను వెచ్చగా ఉంచే ఏర్పాటు ఉండేవి.

బెత్తంతో కొట్టి చదువు చెప్పడం సర్వసాధారణమైన ఆ రోజులలో హేజెల్‌వుడ్ పాఠశాలలో శారీరక దండన విధించేవారు కాదు. విద్యార్థులే తమలోనుండి ప్రతినిధులను ఎన్నుకొని నియమాలు చేసుకొనేవారు. తప్పు చేసినవారిని విద్యార్థుల న్యాయస్థానమే విచారించేది. 1822లో హిల్ సోదరులు తమ విద్యావిధానాన్ని వివరిస్తూ ఒక గ్రంథం ప్రచురించారు. దీనితో పాఠశాల ఖ్యాతి విదేశాలకు కూడా వ్యాపించింది. 1827లో లండను సమీపంలోని టాటెన్‌హామ్‌లో బ్రూస్ కాజిల్ అనే ప్రాచీన భవనంలో మరొక పాఠశాల ప్రారంభించారు. ఈ భవనం ప్రస్తుతం స్థానిక చరిత్ర ప్రదర్శనశాలగా ఉన్నది.

ఇతర కార్యకలాపాలు

1833 ప్రాంతంలో హిల్ బోధనావృత్తిని విడిచిపెట్టాడు. 1835లో దక్షిణ ఆస్ట్రేలియా వలసల సంఘానికి కార్యదర్శిగా నియమితుడై 1839 వరకు ఆ బాధ్యత నిర్వహించాడు. నేరస్థులను తరలించే ప్రదేశంగా కాక, స్వేచ్ఛగా వచ్చినవారు స్థిరపడే ప్రదేశంగా ఆ వలసరాజ్యాన్ని తీర్చిదిద్దాలన్నది ఆ సంఘం ఉద్దేశం.

ఇదే కాలంలో హిల్ ఒక ముద్రణాయంత్రాన్ని రూపొందించాడు. విడివిడి కాగితాలకు బదులు పొడవైన కాగితపు చుట్టపై ఆగకుండా ముద్రించడం దీని ప్రత్యేకత. అయితే అప్పట్లో వార్తాపత్రికల ప్రతి కాగితంపై ప్రభుత్వ పన్ను ముద్ర పడాలి. ఈ ముద్రను కాగితపు చుట్టపై వేయడానికి ఖజానా శాఖ అంగీకరించలేదు. అందువలన ఆ యంత్రం వాడుకలోకి రాలేదు. ఒక ప్రభుత్వ ముద్ర వలన ఆగిపోయిన ఆవిష్కర్తకే, కొద్ది సంవత్సరాల తరువాత, మరొక ప్రభుత్వ ముద్ర చిరకీర్తిని తెచ్చిపెట్టింది.

నాటి తపాలా పరిస్థితి

ఆనాటి బ్రిటిషు నాణెముల లెక్కలో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. అనగా ఒక పౌండుకు 240 పెన్నీలు. ఉత్తరం రుసుమును రెండు విషయాలను బట్టి లెక్కించేవారు. ఒకటి ప్రయాణించిన దూరం, రెండవది అందులోని కాగితాల సంఖ్య. కవరు వాడితే దానిని కూడా మరొక కాగితంగా లెక్కించేవారు. అందుచేత జనం ఒకే కాగితంపై వ్రాసి, దానినే మడిచి, వెలుపల చిరునామా వ్రాసి, లక్కతో మూసేవారు. కొందరు కాగితం నిండిన తరువాత దానిని పక్కకు తిప్పి, వ్రాసిన పంక్తులపై అడ్డంగా మరల వ్రాసేవారు. లోపల ఎన్ని కాగితాలున్నాయో తెలుసుకొనుటకు గుమస్తాలు ఉత్తరాన్ని దీపపు వెలుగుకు ఎదురుగా పట్టి చూసేవారు.

లండను నుండి ఎడిన్‌బరోకు ఒక కాగితం ఉత్తరానికి ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ, అనగా పదమూడున్నర పెన్నీలు అయ్యేది. ఇది వ్యవసాయ కూలీ ఒక దినపు సంపాదనలో సగం కంటె ఎక్కువ. పని వెతుక్కుంటూ పట్టణాలకు వెళ్ళిన యువతీయువకులు ఏళ్ళ తరబడి తల్లిదండ్రులకు ఉత్తరాలు వ్రాయలేక, సంబంధాలు తెగిపోయిన సంఘటనలు అనేకం ఉండేవి.

మరొకవైపు పార్లమెంటు సభ్యులకు, ప్రభువులకు ఉచిత తపాలా సౌకర్యం ఉండేది. కవరుపై వారి సంతకం ఉంటే చాలు, రుసుము ఉండదు. ఈ సంతకాలను వారు స్నేహితులకు, బంధువులకు కూడా ఉదారంగా ఇచ్చేవారు. చెల్లించగలవారికి ఉచితము, చెల్లించలేనివారికి భారము అన్నట్లుగా వ్యవస్థ ఉండేది. వ్యాపారులు బండివాళ్ళ ద్వారా దొంగచాటుగా ఉత్తరాలు పంపుకొనేవారు.

తక్కువ రుసుముతో తపాలా నడపడం పూర్తిగా కొత్త విషయమేమీ కాదు. 1680లోనే విలియం డాక్రా అనే వర్తకుడు లండను నగరం లోపల ఒక పెన్నీకే ఉత్తరాలు చేరవేసే సేవను నడిపాడు. అది లాభసాటిగా ఉండడంతో 1682లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. అయితే ఒకే రుసుమును దేశమంతటికీ వర్తింపజేయవచ్చునని నిరూపించినవారు హిల్‌కు ముందు లేరు.

ఒక ప్రచారంలోని కథ

హిల్ సంస్కరణకు మూలంగా ఒక కథ విస్తృతంగా ప్రచారంలో ఉన్నది. ఒక పేద స్త్రీకి ఆమె సోదరుని నుండి ఉత్తరం వస్తే, రుసుము చెల్లించలేక దానిని తిరిగి ఇచ్చివేసిందట. అక్కడ ఉన్న బాటసారి జాలిపడి రుసుము చెల్లించగా, లోపల ఖాళీ కాగితం మాత్రమే ఉన్నది. సోదరుడు క్షేమంగా ఉన్నాడనే సంగతిని తెలియజేయడానికే ఆ ఉత్తరం పంపబడింది. దానిని చూడగానే ఆమెకు విషయం తెలిసిపోయేది కనుక రుసుము చెల్లించవలసిన పని లేదు.

ఈ బాటసారి హిల్ అని అనేక పుస్తకాలలో కనిపిస్తుంది. కాని ఇది పొరపాటు. ఈ సంఘటన ఆంగ్ల కవి శామ్యూల్ టేలర్ కోలరిజ్‌కు ఎదురైనదిగా హిల్ స్వయంగా ఉదహరించాడు. తరువాతి రచయితలు దానిని హిల్‌కు ఆపాదించారు. హిల్ తన నిర్ణయానికి వచ్చినది లెక్కల ద్వారానే.

1837 నాటి ప్రతిపాదన

స్కాట్లాండుకు చెందిన పార్లమెంటు సభ్యుడు రాబర్ట్ వాలెస్ చాలాకాలంగా తపాలా శాఖ లోపాలను పార్లమెంటులో ఎత్తిచూపుతుండేవాడు. ఆయన సేకరించిన ప్రభుత్వ నివేదికలను హిల్‌కు పంపాడు. అంతవరకు ఒక తపాలా కార్యాలయం లోపల ఎలా పనిచేస్తుందో చూడని హిల్, ఆ నివేదికలనే క్షుణ్ణంగా అధ్యయనం చేశాడు.

ముందుగా ఆయన గమనించినది ఆదాయం. 1815 నుండి 1835 వరకు 20 సంవత్సరాలలో దేశ జనాభా, వర్తకం బాగా పెరిగినా తపాలా ఆదాయం ఏమాత్రం పెరగలేదు. అధిక రుసుమే ప్రజలను తపాలాకు దూరం చేస్తున్నదని ఆయన నిర్ధారించాడు.

తరువాత ఆయన ఖర్చును లెక్కించాడు. లండను నుండి ఎడిన్‌బరోకు తపాలా బండి ఒకసారి వెళ్ళడానికి అయ్యే ఖర్చు సుమారు 5 పౌండ్లు. ఆ బండిలో వెళ్ళే తపాలా బరువును బట్టి ఈ మొత్తాన్ని ఉత్తరాలకు పంచితే, ఒక్కొక్క ఉత్తరానికి పడే రవాణా ఖర్చు ఒక పెన్నీలో 36వ వంతు మాత్రమే. పదమూడున్నర పెన్నీలు వసూలు చేస్తున్న ఉత్తరానికి అసలు ప్రయాణపు ఖర్చు ఇంత స్వల్పమని తేలింది. మిగిలిన ఖర్చులో అధికభాగం ఉత్తరాలను స్వీకరించడానికి, రుసుము లెక్కకట్టడానికి, ఇంటింటా వసూలు చేయడానికి, ఆ సొమ్ముకు లెక్కలు వ్రాయడానికి అవుతున్నది. ఉత్తరం ఎంత దూరం వెళ్ళినా ఈ ఖర్చు మారదు. కాబట్టి దూరాన్ని బట్టి రుసుము మార్చడంలో న్యాయం లేదని, దేశమంతటా ఒకే రుసుము ఉండడమే సబబని హిల్ వాదించాడు.

దీనిని అనుసరించి అర ఔన్సు (సుమారు 14 గ్రాములు) బరువు వరకు ఒక పెన్నీ రుసుము ఉండాలని, దానిని పంపేవారే ముందుగా చెల్లించాలని సూచించాడు. ముందుగా చెల్లిస్తే తపాలా జవాను ప్రతి ఇంటి ముందు డబ్బుకోసం నిలబడవలసిన అవసరం ఉండదు. 1837 జనవరిలో ఈ ప్రతిపాదనలను ఒక చిన్న పుస్తకంగా ముద్రించి ప్రభుత్వానికి సమర్పించాడు. అది త్వరలోనే ప్రజలకు కూడా అందుబాటులోకి వచ్చింది.

అదే సంవత్సరం ఫిబ్రవరి 13న తపాలా విచారణ సంఘం ముందు హాజరై, ముందస్తు చెల్లింపుకు ఒక ఉపాయం వివరించాడు. ముద్ర పట్టేంత చిన్న కాగితపు ముక్కకు వెనుక జిగురు పూసి ఉంచితే, కొన్నవారు దానిని తడిచేసి ఉత్తరానికి అంటించుకోవచ్చునని చెప్పాడు. తపాలా బిళ్ళ భావన ఈ విధంగా ప్రజల ముందుకు వచ్చింది.

ఉద్యమం, వ్యతిరేకత

తపాలా శాఖ ఉన్నతాధికారులు ఈ పథకాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. పోస్ట్‌మాస్టర్ జనరల్ లార్డ్ లిచ్‌ఫీల్డ్ ఇది ఆచరణకు అందని ఊహ అని ప్రభువుల సభలో కొట్టిపారవేశాడు. ఉత్తరాలు అన్ని రెట్లు పెరిగితే కార్యాలయ భవనాలు చాలవని కూడా అధికారులు వాదించారు. తపాలా శాఖ కార్యదర్శి కల్నల్ మేబర్లీ కూడా ఈ పథకానికి వ్యతిరేకి.

ప్రజల స్పందన దీనికి భిన్నంగా ఉన్నది. లండను వర్తకులు ఒక సంఘంగా ఏర్పడి, హెన్రీ కోల్ సహాయంతో ప్రచారం సాగించారు. వాలెస్ అధ్యక్షతన పార్లమెంటు ఏర్పాటు చేసిన సంఘం అనేకమంది సాక్షులను విచారించింది. 1839లో పెన్నీ తపాలాను కోరుతూ 2,000కు పైగా విన్నపపత్రాలు పార్లమెంటుకు అందాయి. చివరకు ప్రధానమంత్రి మెల్‌బోర్న్ ప్రభుత్వం అంగీకరించింది. 1839 ఆగష్టు 17న సంబంధిత చట్టం ఆమోదం పొందింది. దీనిని అమలుపరచుటకు హిల్‌ను ఖజానా శాఖలో తాత్కాలిక పదవిలో నియమించారు.

పెన్నీ తపాలా అమలు

1839 డిసెంబరు 5న మొదటి అడుగుగా నాలుగు పెన్నీల ఏకరీతి రుసుము ప్రవేశపెట్టారు. 1840 జనవరి 10న అది ఒక పెన్నీకి తగ్గింది. ముందుగా చెల్లించని ఉత్తరాలకు రెండు పెన్నీలు వసూలు చేసేవారు. అదే రోజున పార్లమెంటు సభ్యుల ఉచిత తపాలా సౌకర్యం రద్దయింది. అప్పటికి తపాలా బిళ్ళలు ఇంకా సిద్ధం కాలేదు. ప్రజలు కార్యాలయాలకు వెళ్ళి నగదు చెల్లించి ఉత్తరాలు వేశారు.

ముందస్తు చెల్లింపుకు తగిన నమూనాల కోసం ఖజానా శాఖ 1839లో ఒక పోటీ నిర్వహించింది. 2,600కు పైగా సూచనలు వచ్చాయి. నలుగురికి ఒక్కొక్కరికి 100 పౌండ్ల చొప్పున బహుమతి ఇచ్చినా, వాటిలో దేనినీ యథాతథంగా వాడలేదు. హిల్ తన సొంత ఆలోచన ప్రకారమే ముందుకు సాగాడు.

పెన్నీ బ్లాక్

తపాలా బిళ్ళపై విక్టోరియా రాణి ముఖచిత్రం ఉండాలని హిల్ నిర్ణయించాడు. మనుష్యుల ముఖంలో ఏ కొద్ది మార్పు ఉన్నా చూసేవారు వెంటనే గుర్తిస్తారు కనుక దొంగ బిళ్ళలు తయారుచేయడం కష్టమవుతుంది. విలియం వ్యాన్ చెక్కిన 1837 నాటి పతకంపై ఉన్న రాణి ముఖాన్ని ఆధారంగా తీసుకొని హెన్రీ కార్బోల్డ్ చిత్రం గీశాడు. చార్లెస్ హీత్, ఆయన కుమారుడు ఫ్రెడరిక్ దానిని ఉక్కుపై చెక్కారు. పెర్కిన్స్ బేకన్ ముద్రణాసంస్థ ముద్రించింది.

ఒక పుటలో 12 చొప్పున 20 వరుసలలో 240 బిళ్ళలు ఉండేవి. అనగా ఒక పుట వెల సరిగ్గా ఒక పౌండు. ప్రతి బిళ్ళ క్రింది రెండు మూలలలో పుటలో దాని స్థానాన్ని తెలిపే రెండు అక్షరాలు ఉండేవి. బిళ్ళను చిరునామాకు పైన, కుడివైపున అంటించాలని పుట అంచుపై సూచన ముద్రించారు. బిళ్ళల మధ్య రంధ్రాలు లేనందున కత్తెరతో కత్తిరించుకోవలసి వచ్చేది. దేశం పేరు ముద్రించలేదు. బ్రిటను తపాలా బిళ్ళలపై దేశం పేరు వేయకపోవడం నేటికీ కొనసాగుతున్నది.

పెన్నీ బ్లాక్ 1840 మే 1న అమ్మకానికి వచ్చింది. మే 6 నుండి చెల్లుబాటు కావలసి ఉన్నా, కొందరు ముందే వాడారు. బాత్ పట్టణం నుండి మే 2 తేదీతో పంపిన ఉత్తరం ప్రసిద్ధమైనది. నీలిరంగులో రెండు పెన్నీల బిళ్ళ కూడా వెలువడింది.

వీటితోపాటు చిత్రకారుడు విలియం మల్‌రెడీ బొమ్మతో, రుసుము ముందే చెల్లించిన కవరులను కూడా విడుదల చేశారు. ప్రజలు బిళ్ళలకంటె కవరులనే ఎక్కువగా ఆదరిస్తారని హిల్ భావించాడు. కాని ఆ ఆడంబరమైన బొమ్మను జనం ఎగతాళి చేశారు. వ్యంగ్య చిత్రకారులు దానిని అనుకరిస్తూ హాస్యపు కవరులు అచ్చువేసి అమ్మారు. ప్రభుత్వం ఆ కవరులను ఉపసంహరించుకొన్నది. హిల్ అంచనాకు విరుద్ధంగా చిన్న నల్లబిళ్ళే ప్రజాదరణ పొందింది.

నల్లని బిళ్ళపై ఎర్రని ముద్ర స్పష్టంగా కనబడేది కాదు. దానిని తుడిచి బిళ్ళను మరల వాడే అవకాశం కూడా ఉండేది. అందువలన 1841లో బిళ్ళ రంగును ఎరుపుగా మార్చి, నల్లసిరాతో ముద్ర వేయడం ప్రారంభించారు. ఈ విధంగా పెన్నీ బ్లాక్ సుమారు ఒక సంవత్సరం మాత్రమే ముద్రించబడింది.

ఫలితాలు

1839లో బ్రిటనులో సుమారు 7.6 కోట్ల ఉత్తరాలు బట్వాడా కాగా, 1840లో ఆ సంఖ్య సుమారు 16.9 కోట్లకు చేరింది. 1850 నాటికి 34 కోట్లు దాటింది. అయితే ఆదాయం విషయంలో హిల్ అంచనా తప్పింది. తపాలా నికర ఆదాయం ఒక్క సంవత్సరంలోనే సుమారు 16 లక్షల పౌండ్ల నుండి 5 లక్షల పౌండ్లకు పడిపోయింది. పూర్వపు స్థాయికి చేరడానికి రెండు దశాబ్దాలు పట్టింది. హిల్ విమర్శకులు దీనినే తరచు ఎత్తిచూపేవారు.

ఉద్యోగం కోల్పోవుట, పునర్నియామకం

1841లో ప్రభుత్వం మారి రాబర్ట్ పీల్ ప్రధానమంత్రి అయ్యాడు. 1842లో హిల్ పదవీకాలాన్ని పొడిగించకుండా ఆయనను తొలగించారు. పథకంలో ఆయన సూచించిన అనేక అంశాలు అప్పటికి ఇంకా అమలు కాలేదు. పథకాన్ని వ్యతిరేకించిన అధికారుల చేతిలోనే దాని నిర్వహణ మిగిలిపోయింది.

ఆ తరువాత హిల్ లండను - బ్రైటన్ రైల్వే సంస్థలో చేరి, సంచాలకునిగా, అధ్యక్షునిగా 1846 వరకు పనిచేశాడు. అక్కడ కూడా చార్జీలు తగ్గించి, ప్రత్యేక విహార రైళ్ళు నడిపి ప్రయాణికుల సంఖ్యను పెంచాడు. 1846లో దేశప్రజలు చందాలు వేసుకొని 13,000 పౌండ్లకు పైగా సొమ్మును ఆయనకు కృతజ్ఞతగా అందజేశారు.

1846లో మరల ప్రభుత్వం మారడంతో పోస్ట్‌మాస్టర్ జనరల్‌కు కార్యదర్శిగా నియమితుడయ్యాడు. కల్నల్ మేబర్లీ తపాలా శాఖ కార్యదర్శిగా కొనసాగుతుండడంతో ఇద్దరి మధ్య ఘర్షణ ఎనిమిదేళ్ళు సాగింది. 1854లో మేబర్లీ వేరొక శాఖకు వెళ్ళగా, ఆ పదవి హిల్‌కు లభించింది. ఆయన హయాములో లండను నగరాన్ని తపాలా మండలాలుగా విభజించారు. హిల్ పట్టుదల కలవాడు. ఇతరుల అభిప్రాయాలను సులభంగా అంగీకరించేవాడు కాదు. తపాలా ఉద్యోగి, నవలా రచయిత అయిన ఆంథొనీ ట్రోలప్‌తో ఆయనకు పొసగలేదు. అనారోగ్యం వలన 1864లో పదవీ విరమణ చేశాడు.

ఇతర దేశాలపై ప్రభావం

1843లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్, జెనీవా ప్రాంతాలు, బ్రెజిల్ దేశం తపాలా బిళ్ళలు విడుదల చేశాయి. 1847లో అమెరికా, 1849లో ఫ్రాన్సు ఇదే మార్గం అనుసరించాయి. 1874లో బెర్న్ నగరంలో కుదిరిన ఒప్పందం ద్వారా దేశాల మధ్య ఉత్తరాలకు కూడా ఏకరీతి రుసుము అనే సూత్రం వ్యాపించింది.

భారతదేశంలో 1837 నాటి చట్టం ప్రకారం రుసుము దూరాన్ని బట్టి ఉండేది. కలకత్తా నుండి బొంబాయికి ఒక తులం బరువు ఉత్తరానికి ఒక రూపాయి అయ్యేది. 1852 జూలై 1న సింధు రాష్ట్రపు కమీషనరు బార్టిల్ ఫ్రేర్, హిల్ పద్ధతిని ఆదర్శంగా తీసుకొని సింధ్ డాక్ అనే అర్ధణా బిళ్ళలను ప్రవేశపెట్టాడు. ఇవి ఆసియా ఖండంలో మొదటి తపాలా బిళ్ళలు. 1854 అక్టోబరు 1 నుండి డల్హౌసీ పాలనలో దేశవ్యాప్తంగా తపాలా బిళ్ళలు వచ్చాయి. పావు తులం ఉత్తరానికి దూరంతో సంబంధం లేకుండా అర్ధణా రుసుముగా నిర్ణయించారు. హైదరాబాదు సంస్థానం 1869లో తన సొంత తపాలా బిళ్ళను విడుదల చేసింది. 1871 నుండి వెలువడిన హైదరాబాదు బిళ్ళలపై ఇతర భాషలతోపాటు తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి.

తపాలా బిళ్ళల సేకరణ

తపాలా బిళ్ళలు వెలువడిన కొద్దికాలానికే వాటి సేకరణ ఒక అభిరుచిగా మారింది. బ్రిటిషు మ్యూజియంకు చెందిన జంతుశాస్త్రవేత్త జాన్ ఎడ్వర్డ్ గ్రే 1840లోనే పెన్నీ బ్లాక్ బిళ్ళలు కొని భద్రపరచాడు. ఈయనను మొదటి సేకర్తగా చెబుతారు. 1864లో ఫ్రాన్సుకు చెందిన జార్జి హెర్పిన్ ఈ అభిరుచికి ఫిలాటెలీ అనే పేరు పెట్టాడు. రుసుము నుండి విముక్తి పొందినది అనే అర్థం వచ్చేలా గ్రీకు పదాలతో కూర్చిన మాట ఇది. అందుకొనేవారు రుసుము చెల్లించనవసరం లేదనే హిల్ ఆశయమే ఈ పేరులో ఉన్నది.

పెన్నీ బ్లాక్ ప్రపంచంలోకెల్లా అరుదైన బిళ్ళ అని పలువురు అనుకొంటారు. వాస్తవానికి సుమారు 6.8 కోట్ల బిళ్ళలు ముద్రించబడ్డాయి. కవరు లేకుండా మడిచిన ఉత్తరంపైనే బిళ్ళ అంటించేవారు కనుక, ఉత్తరాలను దాచుకున్నవారి వద్ద బిళ్ళలు కూడా భద్రంగా మిగిలాయి. నాలుగు వైపులా అంచులు సరిగా ఉన్న బిళ్ళలకు సేకర్తలలో గిరాకీ ఎక్కువ. బిళ్ళలను ముద్రించిన 11 అచ్చుపలకలలో ఏది ఏ పలకకు చెందినదో గుర్తించడం, మూలలలోని అక్షరాల ఆధారంగా 240 బిళ్ళల పుటను తిరిగి కూర్చడం సేకర్తలకు ఇష్టమైన పనులు. చెల్లిన తేదీకి ముందే వాడిన ఉత్తరాలు మిక్కిలి విలువైనవి.

వివాదము

తపాలా బిళ్ళ ఆవిష్కరణ తమదేనని మరికొందరి తరఫున వాదనలు వచ్చాయి. స్కాట్లాండులోని డండీ పట్టణానికి చెందిన పుస్తక విక్రేత జేమ్స్ చామర్స్ జిగురు బిళ్ళలను సూచించినవారిలో ముఖ్యుడు. హిల్ మరణానంతరం చామర్స్ కుమారుడు పాట్రిక్ తన తండ్రి పక్షాన విస్తృత ప్రచారం చేశాడు. స్లొవేనియాకు చెందిన లోవ్రెంక్ కొషీర్ ఆస్ట్రియా ప్రభుత్వానికి ఇటువంటి సూచన చేశాడని చెబుతారు. బిళ్ళ భావన ఎవరిదైనా, ఏకరీతి రుసుము, ముందస్తు చెల్లింపు అనే రెండు సూత్రాలను లెక్కలతో నిరూపించి, ఒక దేశమంతటా అమలుచేయించిన ఘనత హిల్‌కే దక్కుతుంది.

గౌరవాలు, మరణం

1857లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1860లో సర్ బిరుదు హిల్‌కు లభించాయి. 1864లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ ప్రారంభించిన ఆల్బర్ట్ పతకాన్ని మొదట అందుకొన్నది ఈయనే. ఆ సంవత్సరమే పార్లమెంటు ఆయనకు 20,000 పౌండ్లు బహూకరించింది. 1879లో లండను నగర పౌరసత్వ గౌరవం అందుకొన్నాడు.

1879 ఆగష్టు 27న లండనులోని హాంప్‌స్టెడ్‌లో తన స్వగృహంలో మరణించాడు. ఆయన భౌతికకాయాన్ని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఖననం చేశారు. మరుసటి సంవత్సరం, ఆయన రచనలు చేర్చి తమ్ముని కుమారుడు జార్జి బర్క్‌బెక్ హిల్ కూర్చిన జీవితచరిత్ర రెండు సంపుటాలుగా వెలువడింది. కిడ్డర్‌మిన్‌స్టర్, బర్మింగ్‌హామ్, లండను నగరాలలో ఆయన విగ్రహాలు నెలకొల్పారు. కష్టాలలో ఉన్న తపాలా ఉద్యోగులను ఆదుకొనుటకు 1882లో ఆయన పేరిట ఒక సహాయనిధి ఏర్పడింది. 1979లో ఆయన వర్ధంతి శతాబ్ది సందర్భంగా బ్రిటనుతోపాటు అనేక దేశాలు స్మారక తపాలా బిళ్ళలు విడుదల చేశాయి.